చల్లని పొయ్యి సంగ్రామం

సూర్యుడనే చండప్రతాపుడు ఆకాశసింహాసనాన్ని అధిష్ఠించి, మేఘాలనే మంత్రులందరికీ దేశబహిష్కార శిక్ష విధించి, గాలికి సైతం పన్నెండు మొదలు ఐదు దాకా సెలవు మంజూరు చేసి, తారురోడ్లను పాకంలా కరిగిస్తూ, కుళాయి తిప్పిన ప్రతి చేతిమీదా మరుగునీళ్లు కుమ్మరిస్తూ, అడ్డూ ఆపూ లేకుండా ఏలుతున్న ఆ గ్రీష్మంలో, ఒకానొక సాయంకాలం, సరిగ్గా ఐదుంబావుకు, రెండు గదులూ ఒక వంటిల్లూ గల ఒక ఇంట్లో, తలుపు రబ్బరు ఊడిన ఒక పాత ఫ్రిజ్ ఎదుట, ఒక బాలిక యుద్ధసన్నద్ధురాలై నిలబడి ఉంది.

ఓ శీతలపేటికా! అహోరాత్ర ఘుర్ఘురధ్వనిశాలినీ! నీ లోపలి దీపం ఆరిపోయి మూడేళ్లయింది. నీ గర్భాంధకారంలో ఏ గిన్నె వెనక ఏ గిన్నె నక్కి ఉందో నీకొక్కదానికే ఎరుక. ఈ గాథ పాడడానికి మాకు నీ సాయం కావాలి. ఎందుకంటే ఇందులోని శౌర్యమూ, ద్రోహమూ, వాసనా అన్నీ ఆ గిన్నెల్లోనే ఉన్నాయి.

ఆ బాలికకు బడి రిజిస్టరులో ఒక పేరుంది గాని ఇంట్లో దాన్ని ఎవరూ వాడరు. మాట్లాడితే పక్కమనిషి చెవికి కూడా చేరని మృదుభాషిణి కాబట్టి అందరూ ఆమెను గుసగుస అని పిలుస్తారు. తరగతిలో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికిన “ప్రెజెంట్ సార్” రెండో బెంచీ దాటి ముందుకు వెళ్లేది కాదు. ఏడాదిలో సగం రోజులు ఆమె పంతులుగారి కళ్లెదుట కూర్చుని ఉండగానే గైర్హాజరు పడింది. అలాంటి మితభాషాశిరోమణి, పదో తరగతి పరీక్షలు ముగించి సెలవుల్లో ఉన్నది, ముందురోజు రాత్రి ఒక భీషణప్రతిజ్ఞ చేసింది.

దానికి కారణం అమ్మ.

అమ్మ ఒక బేకరీలో పని చేస్తుంది. మనిషి నిలువెత్తు ఉండే పెనుపొయ్యి ముందు తెల్లవారినప్పటి నుంచీ నిలబడి, రొట్టెల పళ్లేలు లోపలికి తోస్తూ, బయటికి లాగుతూ, సాయంత్రం ఆరున్నరకు అక్కడ సెలవు తీసుకుని, ఏడింటికి ఇల్లు చేరి, చెప్పులు విప్పిన కాళ్లతో నేరుగా వంటింట్లోకి నడిచి, గూట్లోని అగ్గిపెట్టె అందుకుని, ఒక పుల్ల గీసి, రెండో పొయ్యి వెలిగిస్తుంది. నిన్న రాత్రి బంగాళాదుంపలు కలుపుతూ కలుపుతూ ఆమె ఉన్నట్టుండి గరిటె వదిలేసి గడప మీద కూలబడింది. ముఖం కాలిన ఇటుకలా ఉంది. గుసగుస పరుగెత్తి నీళ్లు తెచ్చింది. అమ్మ సగం తాగి, మిగతా సగం మెడమీద పోసుకుని, ఎవరితోనూ కాకుండా గోడతో అంది.

“పొద్దంతా ఆ పొయ్యి, రాత్రికి ఈ పొయ్యి. నేను మనిషినా, రొట్టెనా?”

తన మాటకు తానే నవ్వుకుని, లేచి, మళ్లీ గరిటె పట్టుకుంది. ముందుగదిలో నాన్న కుట్టుమిషన్ మోతలో ఆ మాట ఆయనకు వినబడలేదు. ఫ్యాను కింద నానమ్మ గురకలో ఆవిడకూ వినబడలేదు. విన్నది ఒక్క గుసగుసే. ఆమెకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి ఆమె హృదయాకాశంలో ఉరుములు ఉరిమాయి. “వినండి దిక్కులారా! రేపటి సాయంకాలం ఈ గృహంలో అగ్నిదేవుడికి ప్రవేశం లేదు! గిన్నెల్లో మిగిలినవాటితోనే మహాభోజనం సృష్టించి, మా అమ్మను ఫ్యాను కింద కూర్చోబెట్టకపోతే, నేను ఈ ఇంటి ఆడపిల్లనే కాను!” ఈ ఘోరప్రతిజ్ఞను ఆమె పైకి అనలేదు. దిండులో ముఖం పెట్టి అంది. దిండే సాక్షి.

ఇక యుద్ధరంగం. ఆ ఇంట్లో ఫ్రిజ్‌ను నానమ్మ పాలిస్తుంది. మిగిలినది పారేయడం ఆవిడ రాజ్యంలో రాజద్రోహం. అలాగని మిగిలినది ఎప్పటిదో మరిచిపోవడం అంతకంటే పెద్ద నేరం. ఈ రెండు కష్టాల మధ్య నలభై ఏళ్ల క్రితం ఆవిడ ఒక శాసనం చేసింది. ఏ రోజు మిగిలినది ఆ రోజు అత్తగిన్నెలోకి వెళ్లాలి. అది పెద్దది. రెండోరోజు రాత్రికీ మిగిలితే కోడలిగిన్నెలోకి. అది మధ్యది. మూడోరోజు పిల్లగిన్నెలోకి. అది అరచేతిలో ఇమిడే చిన్నది. అక్కణ్ణుంచి పెరటి చెట్టు మొదట్లోకి. ఈ విధంగా ఆ ఇంట్లో గిన్నె సైజే పంచాంగం. ఎవరూ ఎవర్నీ “ఇది ఎప్పటిది?” అని అడగనక్కర్లేదు. వాసన చూడనక్కర్లేదు. చీకట్లో తడిమి చూస్తే చాలు.

గుసగుస తడిమి చూసింది. రెండు అత్తగిన్నెలు తగిలాయి. ఒకే ఇంట్లో ఇద్దరు అత్తలు ఉండటం ఏ కోడలూ కోరుకోదు గాని, ఆ పూట అది శుభశకునం. ఒకదాంట్లో నిన్న రాత్రి బంగాళాదుంపలు. రెండోదాంట్లో నిన్న పొద్దున ఉడికించిన శనగలు, గిన్నె నిండా, మూలబలంలాగా. కాగితం సంచిలో అమ్మ బేకరీ నుంచి తెచ్చిన అమ్ముడుపోని రొట్టె, మొన్నటిది. పెరుగు. మూడు టమాటాలు, ఒక దోసకాయ, రెండు ఉల్లిపాయలు, ఎండి బిగుసుకుపోయినా లోపల రసం ఉందని భీష్మించిన ఒక నిమ్మకాయ. సైన్యం చిన్నదే. కానీ శనగలుండగా భయమేమిటి? పిడికెడు శనగలు పదిమంది ఆకలికి సమాధానం చెప్పగలవు.

అన్నీ దించి బండమీద పెడుతుండగా గిన్నెల చప్పుడు విని వెనకనుంచి రాజమాత కదిలివచ్చింది. డెబ్బై వేసవులను విసనకర్రతో ఎదిరించి నిలిచిన నానమ్మ! ఆవిరన్నప్రియ! కంచంలోంచి పొగ లేచి కళ్లజోడుకు ఆవిరి పట్టనిదే ముద్ద ముట్టని దీక్షాపరురాలు!

గుసగుస గుండెల్లో ప్రసంగం సిద్ధంగా ఉంది. “ఓ వృద్ధకులతిలకమా! నీ శాసనాలను శిరసావహిస్తున్న నీ మనవరాలు నేడు నీ ఎదుట ఒక్క కోరికతో నిలిచింది! లోకమంతా పొయ్యిలా మండుతున్న ఈ వేళ, మన ఇంటి పొయ్యినైనా విశ్రమించనీయుము!”

పైకి వచ్చింది మాత్రం ఇది.

“నానమ్మా... పొయ్యి వద్దు.”

“ఆఁ? గట్టిగా చెప్పవే. లోపం నా చెవుల్లో లేదు, నీ గొంతులో ఉంది.”

“ఇవాళ పొయ్యి వద్దు. ఉన్నవాటితో నేనే చేస్తా. చల్లగా.”

“చల్లగానా!” నానమ్మ బుగ్గన వేలేసుకుంది. “పొగ లేవనిది తిండెలా అవుతుందే? దాన్ని మేత అంటారు.”

“బయట నిప్పులు కురుస్తున్నాయి కదా...”

“అందుకే లోపలికీ వేడే పోవాలి. ముల్లును ముల్లుతోనే తియ్యాలని నీ బళ్లో చెప్పలేదా?”

“అమ్మ...” అంది గుసగుస.

“అమ్మకేమైంది? అది ఇనుపమనిషి.”

ఇనుమైనా కొలిమిలో పెడితే మెత్తబడుతుందని చెప్పాలనుకుంది. నోరు తెరిచింది. మూసింది. నానమ్మ ఆ తెరవడాన్నీ మూయడాన్నీ కళ్లజోడు పైనుంచి చూసి సంధి షరతు ప్రకటించింది.

“సరే, నీ సరదా ఎందుకు కాదనాలి. ఏడింటికి నా కంచంలో తినదగ్గది కనబడిందా, నోరు మూసుకుని తింటా. కనబడలేదా, మీ అమ్మ రాగానే నేనే చెబుతా, పొయ్యి ముట్టించమని. తర్వాత నన్ననుకోకు.”

ఇంతకంటే స్పష్టమైన యుద్ధప్రకటన ఏముంటుంది? గడియారం ఐదున్నర చూపించింది.

మొదటి శత్రువు రొట్టె. నాడు పుట్టినప్పుడు దూదిలా ఉన్న ఆ రొట్టె, రెండురోజుల తపస్సుతో వజ్రదేహం సంపాదించింది. గుసగుస కత్తి ఎత్తి వేసింది. కత్తి జారింది. మళ్లీ వేసింది. రొట్టె బండమీంచి దొర్లి, నేలమీద ఠంగుమని పడి, మూల నిలబడి వెక్కిరించింది. ఆమె దాన్ని తీసి, దుమ్ము దులిపి, పైచెక్క ఒలిచేసి, మూడోసారి విజృంభించింది. కత్తిపిడి ఊడి చేతికొచ్చింది. అటువైపు ఉల్లిపాయలు తమ వంతు అస్త్రాలు ప్రయోగించగా, కళ్లనుంచి ధారలు, నుదుటినుంచి ధారలు, రెండూ గడ్డం దగ్గర కలిసి ఒకే నదిగా ప్రవహించసాగాయి. ఇంకా బంగాళాదుంపలు ముక్కలు కాలేదు.

అప్పుడామెకు నాన్న కత్తెర గుర్తొచ్చింది.

నాన్న దర్జీ. ముందుగదే ఆయన దుకాణం. ఆ సూచీసార్వభౌముడు మెడలో టేపు వేసుకుని, పెదాల మధ్య రెండు గుండుసూదులు పట్టుకుని, ఒక చొక్కాకు కాజాలు గుర్తుపెడుతున్నాడు.

“నాన్నా, కత్తెర.”

“దేనికి?” సూదుల మధ్యనుంచి వచ్చింది మాట.

“రొట్టెకి.”

ఆయన సూదులు రెండూ తీసి మెత్తలో గుచ్చి మరీ మాట్లాడాడు. విషయం అంత తీవ్రమైనది. “బట్ట కోసే కత్తెరతో రొట్టె కోస్తావా? కాగితమే కొయ్యనివ్వను నేను. ఒక్కసారి అడ్డమైనదీ కోశామంటే పదును చచ్చిపోతుందమ్మా. తర్వాత అది పట్టును కోస్తుందా, నమిలి ఊస్తుంది. అడుగు, నా ప్రాణం ఇస్తా.”

ప్రాణంతో రొట్టె తెగదు గనక ఆమె వెనుదిరిగింది. తిరుగుతున్న ఆ అరక్షణంలో, మిషన్ బల్లమీద, దారపు ఉండల పక్కన, తెల్లగుండీలతో నిండి మెరుస్తున్న ఒక చిన్న గిన్నె ఆమె కంటబడింది.

పిల్లగిన్నె.

ఆమె మళ్లీ ఇటు తిరిగింది. “నాన్నా, ఆ గిన్నె...?”

“అదా? గుండీలు దొర్లిపోతుంటే పొద్దున ఫ్రిజ్‌లోంచి తీశా. చిన్నగా భలే ఉంది.”

“అందులో ఏమీ లేదా?”

“కాసిని శనగలున్నాయి. పెద్ద గిన్నెలో కూడా శనగలే ఉంటే అందులో పోసేశా.” నాన్న తృప్తిగా చెప్పాడు. “గిన్నె కడిగి, తుడిచి మరీ తీసుకున్నా. ఊరికే ఎందుకు రెండు గిన్నెలు చల్లబడటం?”

ఆహా ద్రోహమా! ఆహా గృహస్థుడి సాయమా! యుద్ధరంగంలో శత్రువు చేయలేని పనిని ఇంటి పెద్ద ఒక్క మంచి పనితో చేసేశాడు. నాలుగురోజుల నాటి శనగలు, చెట్టు మొదట్లోకి ప్రయాణం కట్టిన శనగలు, నవయౌవనంలో ఉన్న నిన్నటి శనగల మధ్య చేరి, అదే రంగు, అదే రూపు, అదే అమాయకపు ముఖంతో అత్తగిన్నెలో కూర్చున్నాయి. ఎవరు మనవాళ్లు? ఎవరు పరాయివాళ్లు? ఒక్కొక్క శనగను పట్టుకుని “నీ పుట్టినరోజు ఎప్పుడమ్మా?” అని అడిగేదెలా?

గుసగుస వంటింట్లోకి వచ్చి మూత తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. బాగానే ఉందనిపించింది. మళ్లీ చూసింది. బాగాలేదనిపించింది. మూడోసారి ఉల్లిపాయ వాసన తప్ప ఏమీ తెలియలేదు. టైము ఆరుంబావు. శనగలు వేస్తే రేపు ఇల్లంతా కడుపు పట్టుకు కూర్చోవచ్చు. వేయకపోతే నాలుగు కంచాలకు ఆ దుంపలు చాలవు. ఈ చిక్కును తేల్చగల నాసిక ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. అది శత్రుశిబిరంలో ఉంది.

ఎవర్నైనా ఏమైనా అడగడమంటే గుసగుసకు చలికాలంలో కూడా చెమట పట్టేది. అయినా గిన్నె రెండు చేతులా పట్టుకుని నానమ్మ మంచం దగ్గరకు వెళ్లి, తల వంచి నిలబడింది.

“ఏంటే, ఓడిపోయావా?”

“వాసన చూడు నానమ్మా.”

“ఎందుకు? అత్తగిన్నెలో ఉందిగా. నిన్నటిదే.”

గుసగుస జరిగింది చెప్పింది. చెబుతున్నంతసేపూ ముందుగదిలో మిషన్ అనుమానాస్పదంగా నెమ్మదించింది.

నానమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. అప్పుడు ఆ ఘ్రాణధురంధర గిన్నెమీదికి వంగి, మొదట దూరంనుంచి ఒకసారి, ఆపై దగ్గరనుంచి ఒకసారి, చివరికి కళ్లు మూసుకుని సుదీర్ఘంగా ఒకసారి శ్వాస పీల్చింది. ఫ్యాను కూడా ఊపిరి బిగబట్టినట్టే తిరిగింది.

“పోయాయే,” అంది. “నాలుగోవంతు పోయాయి. ఆ నాలుగోవంతు మిగతావాటికి నేర్పిస్తోంది.”

తీర్పు వెలువడింది. మూలబలం మొత్తం చెట్టు మొదట్లో వీరమరణం పొందింది. ఖాళీ గిన్నెతో గుసగుస తిరిగి వచ్చేసరికి నానమ్మ మంచం దిగి, నడుంమీద చెయ్యి పెట్టుకుని, ముందుగది గుమ్మంలో నిలబడి ఉంది.

“ఒరే! నలభై ఆరేళ్లొచ్చాయి. గిన్నె చూసి రోజు చెప్పడం రాదా నీకు?”

“రెండూ శనగలే కదమ్మా...”

“నువ్వూ మీ నాన్నా ఇద్దరూ మగాళ్లే కదాని చొక్కాలు రెండూ ఒకే కొలతకు కుట్టావా ఎప్పుడైనా?”

“సాయం చేశాననుకున్నా...”

“ఇంకెప్పుడూ చెయ్యకు నాయనా. ఈ ఇంటికి అంత స్తోమత లేదు.”

నాన్న తలవంచుకుని సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. సూదిలో దారం అప్పటికే ఉంది.

శాసనభంగం జరిగిన రాజ్యంలో రాజమాతకు పాత పగలు గుర్తుండవు. ఆవిడ మనవరాలివైపు తిరిగి, గొంతు తగ్గించి, “ఇంకేముంది నీ దగ్గర?” అని అడిగింది. చెప్పింది గుసగుస. నానమ్మ పెదవి విరిచి, మంచం కిందికి వంగి, పాత చీరల మూట వెనకనుంచి, ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడని ఒక రేకుడబ్బా బయటికి లాగింది. మూత తీస్తే వేయించిన పల్లీలు!

“నానమ్మా! నీకు పళ్లే లేవుగా!”

“చప్పరిస్తా. నీకెందుకు? రోట్లో వేసి దంచు. మీ నాన్నకు చెప్పావంటే ఊరుకోను.”

ఆహా, ఆ తర్వాతి అరగంటను వర్ణించడానికి వెయ్యి నాలుకలు చాలవు! రొట్టెమీద నీళ్లు చిలకరించి తడిగుడ్డ చుట్టగానే ఆ వజ్రకాయుడు అలిగిన చుట్టంలా మెల్లగా మెత్తబడ్డాడు. కత్తి లేకుండా కత్తెర లేకుండా గుసగుస పది వేళ్లతో అతణ్ణి ముక్కలు చేసింది. ఊడిన కత్తిపిడికి గుడ్డ చుట్టి బంగాళాదుంపలనూ దోసకాయనూ టమాటాలనూ తెగవేసింది. నిమ్మకాయ ముందు బెట్టు చేసింది గాని, బండమీద అరచేత్తో అదిమి దొర్లించగానే లొంగిపోయి ధారగా రసం విడిచింది. పెరుగు చిలికి, ఉప్పూ మిరియాలపొడీ కలిపి, పెద్ద పళ్లెంలో అన్నింటిమీదా కుంభవృష్టి కురిపించింది. పైన దంచిన పల్లీలు. పళ్లేన్ని ఫ్రిజ్‌లో పెట్టి తలుపు మూసి, రబ్బరు ఊడిన చోట వీపు ఆనించి నిలబడింది.

సరిగ్గా అప్పుడే వీధితలుపు చప్పుడైంది. ఏడు.

అమ్మ వచ్చింది. రెప్పలమీద పిండి. మెడచుట్టూ ఎర్రటి పొక్కులు. పలకరించినవాళ్లకు తల ఊపింది. చెప్పులు విప్పింది. ఆగలేదు. ఇరవై ఏళ్లుగా అరిగిన దారిలో ఆ పాదాలు వాటంతట అవే వంటింట్లోకి నడిచాయి. ఆ చెయ్యి దానంతట అదే గూట్లోకి వెళ్లింది. అగ్గిపెట్టె. పుల్ల బయటికొచ్చింది.

“ఒక్క పది నిమిషాలు, ఏదో ఒకటి వేడిగా పడేస్తా...”

గుసగుస హృదయంలో మళ్లీ ప్రసంగం పైకి లేచింది. “ఓ జననీ! అగ్నిముఖంలో దినమంతా...” అక్కడితో తెగిపోయింది. ప్రసంగానికి టైము లేదు. పుల్ల పెట్టెమీదికి వస్తోంది.

“అమ్మా! ముట్టించొద్దు!”

అది గుసగుస కాదు. కేక. గిన్నెలు ఖంగుమన్నాయి. ముందుగదిలో మిషన్ కుట్టు మధ్యలో ఆగిపోయింది. పక్కింటి రేడియో గొంతు తగ్గించుకుంది. పుల్ల పట్టుకున్న చెయ్యి గాల్లో నిలిచిపోయింది. తన నోటినుంచి వచ్చింది తనకే నమ్మశక్యం కాక ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

మొదట తేరుకున్నది నానమ్మ. “ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇంత గొంతు ఇన్నాళ్లూ ఏ గిన్నెలో దాచావే?”

అమ్మ పుల్లను బండమీద పెట్టింది. గుసగుస ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఫ్యాను కింద కూర్చోబెట్టింది. పళ్లెం తెచ్చి నాలుగు కంచాల్లో వడ్డించింది. అమ్మ ఒక ముద్ద తిన్నది. నమలడం ఆపింది. కళ్లు మూసుకుంది.

“చల్లగా ఉందే,” అంది. రెండో ముద్ద తీసుకుంది.

“దీని పేరేంటి?” అన్నాడు నాన్న.

“పేరు లేదు.”

“బాగానే ఉంది గానీ, పక్కన వేడిగా ఏమైనా...”

“శనగల హంతకుడివి, నువ్వు మాట్లాడకు,” అంది నానమ్మ. తన కంచం ఖాళీ అయిపోయింది. దాన్ని మనవరాలివైపు జరిపింది. “నన్నడిగితే ఇది తిండి కాదు. ఇంకో గరిటె వెయ్యి. ఎందుకు కాదో సరిగ్గా తేల్చాలి.”

మరో రెండు గరిటెల దాకా తేలలేదు.

భోజనమయ్యాక అమ్మ కంచం పెట్టడానికి వంటింట్లోకి వెళ్లి చాలాసేపటిదాకా రాలేదు. గుసగుసకు అనుమానమొచ్చి తొంగిచూసింది. అమ్మ పొయ్యి ముందే నిలబడి ఉంది. అరచెయ్యి పొయ్యిమీద ఆనించి ఉంది, పిల్లల నుదురు చూసినట్టు.

“దీనికి జ్వరం తగ్గిందే,” అంది నవ్వుతూ.

నిన్న కూలబడిన గడప మీదే కూర్చుంది. ఇవాళ మాత్రం ఊరికే కూర్చుంది.

కావున ఓ జనులారా, చాటండి! కత్తిపిడి ఊడినా, మూలబలం కూలినా, సొంత తండ్రే గుండీలకోసం శాసనాన్ని తాకట్టు పెట్టినా, చలించని ఆ మితభాషిణి ఒక పూటకు, ఒక ఇంటికి, రెండు మంటల పొయ్యిమీద అఖండవిజయం సాధించింది! రేపు తెల్లవారితే ఆ పొయ్యి మళ్లీ వెలుగుతుంది. ఎండ మళ్లీ సింహాసనమెక్కుతుంది. నాన్న మళ్లీ సాయం చేస్తాడేమో కూడా. చరిత్ర వాటిని వేరే చోట రాసుకుంటుంది.

పడుకునే ముందు నానమ్మ అలవాటుగా వంటిల్లు ఒకసారి పరిశీలించింది. మిగిలింది ఏమీ లేదు. పళ్లెం అడుగు వరకూ ఖాళీ. బండమీద మాత్రం ఒక అగ్గిపుల్ల ఉంది, గీయనిది. ఆ ఇంటి శాసనం ప్రకారం మిగిలినది ఏదైనా సరే గిన్నెలోకి వెళ్లాలి. నానమ్మ దాన్ని వేళ్లతో పట్టుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత తీసుకెళ్లి అత్తగిన్నెలో పెట్టి మూత వేసింది.

ఇవాళ్టిది కదా.